కొత్త విండోస్ వేశాక కంప్యూటర్ మొరాయిస్తే... ఫార్మాట్ ఒక్కటే దారా?

కంప్యూటర్ రాకపోతే నేటి చదువుల్లో వెనుకబడిపోతామని అందరూ చెబుతారు. ఆ కంప్యూటర్ మొరాయిస్తే ఏం చేయాలో మాత్రం ఏ తరగతిలోనూ చెప్పరు. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాడు పాడుచేసి, బాగుచేసి నేర్చుకుంటాడు. మనకు ఆ అవకాశం లేదు. ఎందరికో కలిపి ఉన్న ఒకటో రెండో కంప్యూటర్లను ముట్టుకోవడానికే భయపడతాం. అది ఆగిపోయిన రోజు తెలిసినవాడెవడో వచ్చి ఒకే ఒక్క మాట అంటాడు: "ఫార్మాట్ కొట్టేద్దాం."

ఆ మాటతో ఏం పోతుందో మనకు తెలుసు. పీజీ విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టు పోతుంది. స్కాలర్‌షిప్ దరఖాస్తు కోసం స్కాన్ చేసిపెట్టుకున్న కుల, ఆదాయ ధ్రువీకరణ పత్రాలు పోతాయి. రాత్రిళ్లు కూర్చుని తయారు చేసుకున్న నోట్సు పోతుంది. మా సీనియర్ ఒకరి ప్రాజెక్టు రిపోర్టు ఇలాగే పోయింది. బయట షాపులో అడిగిన డబ్బు తీసుకుని విండోస్ కొత్తగా వేసి ఇచ్చారు. ఫైళ్లు ఏవని అడిగితే, "ముందే చెప్పాల్సింది" అన్నారు. ఆ అన్న మూడు వారాలు కూర్చుని రిపోర్టు మళ్లీ టైపు చేశాడు.

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అందువల్ల చాలామంది విండోస్ 11కు మారారు, మారుతున్నారు. మారిన తరువాత కొన్ని కంప్యూటర్లు ఆన్ చేయగానే ఆగిపోతున్నాయి. కొన్నింటిలో నీలి తెర (కొత్త విండోస్ 11లో నల్ల తెర) వస్తుంది. కొన్ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతూనే ఉంటాయి. ఇటువంటి సమయంలో ఫార్మాట్ మొదటి మందు కాదు, చివరి మందు. అది ఎందుకో, అంతకు ముందు ఏమేం చేయవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాము.

స్విచ్ వేసిన దగ్గర నుంచి ఏం జరుగుతుంది?

డాక్టరు మందు రాసే ముందు నొప్పి ఎక్కడ అని అడుగుతాడు. మనం కూడా ముందు కంప్యూటర్ ఎక్కడ ఆగిందో చూడాలి. స్విచ్ వేసిన దగ్గర నుంచి డెస్క్‌టాప్ కనిపించే దాకా అయిదు మెట్లు ఉన్నాయి.

మొదటి మెట్టులో మదర్‌బోర్డు మీది బయోస్ నిద్ర లేస్తుంది. కొత్త మిషన్లలో దీన్ని యూఈఎఫ్ఐ అంటారు. ఇది ప్రాసెసర్, ర్యామ్, కీబోర్డు ఉన్నాయా లేవా అని తనిఖీ చేస్తుంది. తరువాత కంపెనీ బొమ్మ కనిపిస్తుంది.

రెండవ మెట్టులో విండోస్ ఏ డిస్కులో ఉందో బయోస్ వెతుక్కుంటుంది. దొరికితే బూట్ మేనేజర్ అనే చిన్న ప్రోగ్రామ్‌కు పగ్గాలు అప్పగిస్తుంది.

మూడవ మెట్టులో విండోస్‌కు గుండెకాయ వంటి కెర్నల్, దానితో పాటు ముఖ్యమైన డ్రైవర్లు మెమరీలోకి వస్తాయి. డ్రైవర్ అంటే విండోస్‌కూ ఒక పరికరానికీ మధ్య దుబాసీ వంటి ప్రోగ్రామ్. డిస్కుకు ఒక డ్రైవర్, డిస్‌ప్లేకు ఒకటి, సౌండ్‌కు ఒకటి ఉంటాయి.

నాలుగవ మెట్టులో సర్వీసులు మొదలై లాగిన్ తెర వస్తుంది. అయిదవ మెట్టులో పాస్‌వర్డ్ కొట్టగానే డెస్క్‌టాప్, యాంటీవైరస్ వంటివి మొదలవుతాయి.

ఇప్పుడు ఆగిన చోటును బట్టి ఆలోచిద్దాం. కంపెనీ బొమ్మ కూడా రాకుండా బీప్ శబ్దాలు మాత్రమే వస్తే తప్పు మొదటి మెట్టులో ఉంది. అక్కడికి విండోస్ ఇంకా రానే లేదు. కాబట్టి దాన్ని నిందించి లాభం లేదు. ర్యామ్ వదులుగా ఉందేమో, దుమ్ము పట్టిందేమో చూడాలి. "బూట్ డివైస్ దొరకలేదు" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం నల్ల తెర మీద కనిపిస్తే తప్పు రెండవ మెట్టులో ఉంది. విండోస్ గుర్తు కనిపించి, చుక్కలు గుండ్రంగా తిరుగుతూ నీలి తెర (కొత్త విండోస్ 11లో నల్ల తెర) వస్తే మూడవ మెట్టు. అప్‌గ్రేడ్ తరువాత వచ్చే గొడవల్లో చాలా భాగం ఇక్కడే ఉంటాయి. లాగిన్ అయిన తరువాత తెర నల్లబడితే డిస్‌ప్లే డ్రైవర్‌నో, తనంతట తాను మొదలయ్యే ప్రోగ్రామ్‌నో అనుమానించాలి.

అప్‌గ్రేడ్ అయితే ఎందుకు ఆగుతుంది?

నిన్నటి దాకా బాగా నడిచింది, ఇవాళ ఆగింది. కాబట్టి కొత్త విండోసే చెడ్డదని అనుకుంటాం. చాలాసార్లు లోపం మిషన్‌లో ముందు నుంచే దాగి ఉంటుంది. అప్‌గ్రేడ్ దాన్ని బయటపెడుతుంది.

దీనికి 2008 నాటి ఒక ఉదాహరణ ఉంది. ఆ ఏడాది మే నెలలో మైక్రోసాఫ్ట్ విండోస్ ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 3ను అందరికీ విడుదల చేసింది. అది వేసుకున్న కొందరి కంప్యూటర్లు ఆన్ కావడం, పడిపోవడం, మళ్లీ ఆన్ కావడం, ఇలా ఆగకుండా తిరిగాయి. వాటిలో ఏఎమ్‌డీ ప్రాసెసర్ ఉన్న మిషన్లు చాలా ఉన్నాయి. కారణం వెతికితే ఆశ్చర్యకరమైన సంగతి తెలిసింది. తయారీదారులు ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న మిషన్‌లో విండోస్‌ను సిద్ధం చేసి, దాని నకలునే ఏఎమ్‌డీ మిషన్లలోకీ ఎక్కించారు. దాంతో ఇంటెల్ ప్రాసెసర్‌కు పనికివచ్చే 'ఇంటెల్‌పీపీఎమ్' అనే డ్రైవర్ సంబంధం లేని మిషన్లలో కూడా ఉండిపోయింది. సర్వీస్ ప్యాక్ వేసేదాకా దాని వల్ల ఇబ్బంది కనపడలేదు. వేసిన తరువాత అది పని మొదలుపెట్టబోయి మొత్తం విండోస్‌ను కూల్చేసింది.

దానికి మందు ఏమిటి? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క డ్రైవర్‌ను ఆపివేయడం. అంతే. ఫార్మాట్ అక్కరలేదు. కాలేజీ ల్యాబుల్లో ఒక కంప్యూటర్ సిద్ధం చేసి దాని నకలు మిగతా అన్నింటిలో వేయడం మనమూ చూస్తుంటాం. అందుకే ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి.

అప్‌గ్రేడ్ తరువాత సాధారణంగా కనిపించే ఇతర కారణాలు ఇవి. పాత డ్రైవర్ కొత్త విండోస్‌తో పొసగకపోవడం. బయటి యాంటీవైరస్ అడ్డుపడటం. సీ డ్రైవ్‌లో చోటు చాలకపోవడం. అప్‌గ్రేడ్ మధ్యలో కరెంటు పోవడం. పాత హార్డ్ డిస్క్ అప్పటికే నీరసించి ఉండటం. అప్‌గ్రేడ్ సమయంలో డిస్కు మీద వేల ఫైళ్లు చదవడం, రాయడం జరుగుతుంది. బలహీనమైన డిస్కు ఆ బరువు మోయలేక చేతులెత్తేస్తుంది.

ముందు ఫైళ్లు, తరువాత రిపేరు

ఏ రిపేరు మొదలుపెట్టినా ముందుగా ఫైళ్లను బయటకు తీసుకోవాలి. విండోస్ రాకపోయినా ఫైళ్లు సాధారణంగా డిస్కులో భద్రంగానే ఉంటాయి. ఇంటి తాళం తెరుచుకోకపోతే ఇంట్లో సామాను పోయినట్టు కాదు కదా!

విండోస్‌లోనే రికవరీ భాగం ఒకటి ఉంటుంది. విండోస్ వరుసగా రెండు మూడు సార్లు సరిగా మొదలు కాకపోతే ఆ తెర దానంతట అదే వస్తుంది. రాకపోతే, విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్‌ను సుమారు 10 సెకన్లు నొక్కిపట్టి ఆపి, మళ్లీ ఆన్ చేయాలి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే వస్తుంది. పాత విండోస్‌లో లాగా ఎఫ్8 నొక్కితే విండోస్ 10, 11లలో మామూలుగా పని చేయదు. లాగిన్ తెర దాకా వస్తుంటే షిఫ్ట్ మీట పట్టుకుని రీస్టార్ట్ నొక్కినా చాలు.

అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ వరుసగా ఎంచుకోవాలి. నల్ల తెరలో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లీషులో టైపు చేసి ఎంటర్ కొడితే నోట్‌ప్యాడ్ తెరుచుకుంటుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద 'ఆల్ ఫైల్స్' అని మార్చుకుంటే డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. కావలసిన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి, పెన్ డ్రైవ్‌లో పేస్ట్ చేయవచ్చు. ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారి ఉండవచ్చు. సీ అనుకున్నది డీగా కనిపిస్తే కంగారు పడకండి.

రెండవ దారి లినక్స్. వేరే కంప్యూటర్‌లో ఉబుంటు గాని, లినక్స్ మింట్ గాని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించుకుని దానితో ఈ కంప్యూటర్‌ను నడిపితే, డిస్కులో ఏమీ మార్చకుండా ఫైళ్లు తీసుకోవచ్చు. ఇన్‌స్టాల్ నొక్కకూడదు, 'ట్రై' మాత్రమే నొక్కాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కుకు బిట్‌లాకర్ రకం తాళం మనకు తెలియకుండానే పడి ఉండవచ్చు. అప్పుడు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అదే అకౌంట్‌తో ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ సైట్‌లోకి వెళితే ఆ కీ సాధారణంగా అక్కడ ఉంటుంది. కీ దొరక్కుండా ఆ ఫైళ్లు తీయడం ఎవరి వల్లా కాదు.

డిస్కు నుంచి టకటక శబ్దం వస్తుంటే రిపేరు ప్రోగ్రాములేవీ నడపకండి. ముందు ముఖ్యమైన ఫైళ్లు కాపీ చేసుకుని ఆపేయండి.

ఒక్కొక్కటిగా, వరుసగా

ఇప్పుడు రిపేరు. ఒకసారి ఒక్క మార్పే చేయాలి. చేసి, రీస్టార్ట్ చేసి, ఫలితం చూడాలి. ఒకేసారి అయిదు మార్పులు చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ తెలియదు.

1. బయటి పరికరాలు తీసివేయండి. ప్రింటర్, పెన్ డ్రైవ్, వైఫై డాంగిల్ అన్నీ తీసి, కీబోర్డు, మౌస్, మానిటర్ మాత్రమే ఉంచి ఆన్ చేయండి. మరచిపోయిన పెన్ డ్రైవ్ వల్ల కూడా కంప్యూటర్ రెండవ మెట్టులో ఆగిపోతుంది.

2. నీలి తెర మీద రాసింది చదవండి. ఫోన్‌తో ఫొటో తీయండి. చదివేలోపే రీస్టార్ట్ అవుతుంటే, రికవరీలో స్టార్టప్ సెట్టింగ్స్‌కు వెళ్లి 9వ నంబరు ఎంచుకుంటే ఆ తెర నిలబడుతుంది.

3. స్టార్టప్ రిపేర్ ఒకసారి నడపండి. బూట్ ఫైళ్లు దెబ్బతిని ఉంటే చాలాసార్లు ఇదే సరిచేస్తుంది.

4. సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి. స్టార్టప్ సెట్టింగ్స్‌లో రీస్టార్ట్ నొక్కాక 4 నొక్కితే సేఫ్ మోడ్, 5 నొక్కితే ఇంటర్‌నెట్‌తో సేఫ్ మోడ్. ఇందులో తప్పనిసరి డ్రైవర్లు మాత్రమే ఉంటాయి. సేఫ్ మోడ్ బాగా నడిస్తే హార్డ్‌వేర్ బాగానే ఉండే అవకాశం ఎక్కువ. దోషం ఏదో డ్రైవర్‌దో, ప్రోగ్రామ్‌దో అయి ఉంటుంది. బయటి యాంటీవైరస్ తీసివేయండి. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే డ్రైవర్ మీద 'రోల్ బ్యాక్' ఉంటే నొక్కండి. లేకపోతే అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ కంపెనీ సైట్ నుంచి సరైన డ్రైవర్ వేయండి.

5. అప్పటికీ కాకపోతే రికవరీలోని 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్'కు వెళ్లండి. చిన్న అప్‌డేట్‌ను గాని, పెద్ద అప్‌గ్రేడ్‌ను గాని అక్కడ వెనక్కి తీయవచ్చు. పాత విండోస్‌కు తిరిగి వెళ్లే వీలు మామూలుగా 10 రోజుల వరకే ఉంటుంది. తరువాత పాత విండోస్ ఫోల్డర్‌ను సిస్టమ్ తనే చెరిపేస్తుంది. కాబట్టి "పరీక్షలయ్యాక చూద్దాం" అని వాయిదా వేయకూడదు.

6. ఇవేవీ పనిచేయకపోతే 'రీసెట్ దిస్ పీసీ'లో 'కీప్ మై ఫైల్స్' ఎంచుకోండి. వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి గాని సొంత ఫైళ్లు ఉంటాయి. ఫార్మాట్ దీని తరువాతి మాట.

లినక్స్ వాడేవారికి ఇంకో సులువు ఉంది. ఉబుంటు అప్‌గ్రేడ్ తరువాత మొదలు కాకపోతే గ్రబ్ మెనూలో 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్' కింద పాత కెర్నల్ ఉంటుంది. దాన్ని ఎంచుకుని లోపలికి వెళ్లి తప్పు సరిచేసుకోవచ్చు.

తెర మీది ఇంగ్లీషుకు మన అర్థాలు

నీలి తెర మీద ఇంగ్లీషు చూసి భయపడనక్కరలేదు. తరచుగా కనిపించేవి కొన్నే.

'ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటే విండోస్ తన డిస్కును తానే చేరలేకపోతోందని అర్థం. డిస్కు కేబుల్ చూడండి. బయోస్‌లో సాటా సెట్టింగ్ మారిందేమో చూడండి. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 సెల్ అయిపోతే బయోస్ సెట్టింగులు మొదటికి వచ్చేస్తాయి. తేదీ, సమయం పాతవి చూపిస్తుంటే అనుమానం ఆ సెల్ మీదే.

'సిస్టమ్ థ్రెడ్ ఎక్సెప్షన్ నాట్ హ్యాండిల్డ్' అంటే ఎక్కువగా డ్రైవర్ గొడవ. కింద 'సిస్' అని ముగిసే ఫైలు పేరు కనిపిస్తే అదే నిందితుడు కావచ్చు. ఆ పేరును ఇంటర్‌నెట్‌లో వెతికితే అది ఏ పరికరానిదో తెలుస్తుంది.

'మెమరీ మేనేజ్‌మెంట్' అని వస్తే ముందు ర్యామ్ చూడాలి. కరెంటు ప్లగ్ పీకి, ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్లీ గట్టిగా పెట్టండి. రెండు ఉంటే ఒక్కొక్కటీ విడిగా పెట్టి చూడండి.

కొన్ని మిషన్లకు కొత్త విండోస్ పడదు

విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ డిస్కు, యూఈఎఫ్ఐ, టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ కావాలని మైక్రోసాఫ్ట్ నిబంధన. ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లకే అధికారికంగా మద్దతు ఉంది. ఈ తనిఖీని తప్పించి పాత మిషన్లలో వేసేవారు ఉన్నారు. కానీ 2024 అక్టోబర్‌లో విడుదలైన విండోస్ 11 24హెచ్2కు ప్రాసెసర్‌లో పాప్‌కౌంట్ అనే ఆదేశం తప్పనిసరి. కోర్ 2 డ్యుయో ప్రాసెసర్లలో అది లేదు. వాటిలో 24హెచ్2 ఎన్నిసార్లు వేసినా మొదలే కాదు. అటువంటి చోట రిపేరు చేస్తూ రాత్రంతా కూర్చోవడం వృథా. ఆ మిషన్లకు లినక్స్ మింట్ వంటివి ఉచితంగా దొరుకుతాయి. మన హైదరాబాద్‌లోని స్వేచ్ఛ సంస్థ తెలుగులో కనిపించే లినక్స్‌ను కూడా రూపొందించింది.

ప్రపంచం ఆగిన రోజు

ఇది చిన్నవాళ్ల సమస్య అనుకోకండి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సంస్థ తన భద్రతా సాఫ్ట్‌వేర్‌కు పంపిన ఒక తప్పు ఫైలు వల్ల ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో ఆగిపోయాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. ఇది విండోస్ అప్‌గ్రేడ్ కాదు. అయినా ఆగింది అదే మూడవ మెట్టులో. విమానాలు, బ్యాంకులు, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. మన హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసి ఇచ్చారు.

అంత పెద్ద ప్రమాదానికి మొదట చెప్పిన మందు ఏమిటో తెలుసా? సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ తప్పు ఫైలును చెరిపేసి, రీస్టార్ట్ చేయడం. పెద్ద పెద్ద కంపెనీల ఇంజనీర్లు ఆ రోజు చేసిన పని, పైన చెప్పిన నాలుగవ నంబరు పనే. వాళ్ల చేతికి వచ్చిన విద్య మన చేతికి రాకుండా పోదు.

ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

అప్‌గ్రేడ్ చేసే ముందు వార్డెన్ గారి అనుమతి తీసుకోండి. అందరి ఫైళ్లూ పెన్ డ్రైవ్‌లోకి గాని, ఆన్‌లైన్‌లోకి గాని కాపీ చేయించండి. ముఖ్యమైన ఫైలు రెండు చోట్ల ఉండాలి. సీ డ్రైవ్‌లో కనీసం 20 జీబీ ఖాళీ ఉంచండి. బయటి యాంటీవైరస్ తీసివేయండి. యూపీఎస్ లేకపోతే కరెంటు పోయే వేళల్లో మొదలుపెట్టవద్దు. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టే ఉంచండి. పరీక్షలకు, దరఖాస్తుల చివరి తేదీకి ముందు వారంలో అసలు అప్‌గ్రేడ్ చేయవద్దు.

మేము ఒక సూచన చేస్తున్నాము. హాస్టల్ కంప్యూటర్ పక్కన ఒక నోట్‌బుక్ పెడదాం. ఏ రోజు ఏ ప్రోగ్రామ్ వేశారు, ఏ తప్పు వచ్చింది, తెర మీద ఏం రాసి ఉంది, ఏం చేస్తే పోయింది అన్నది ఎవరు చేస్తే వారు అందులో రాయాలి. సీనియర్లు పరీక్షలు రాసి వెళ్లిపోతారు, నోట్‌బుక్ ఇక్కడే ఉంటుంది. వచ్చే ఏడాది చేరే తమ్ముడు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టనక్కరలేదు, మనం ఆపిన చోట నుంచి మొదలుపెడతాడు.

మన ఇళ్లలో ఈ సంగతులు చెప్పేవారు లేకపోవచ్చు. హాస్టల్లో ఒకరికొకరం చెప్పుకోవచ్చు. ఈసారి ఎవరైనా "ఫార్మాట్ కొట్టేద్దాం" అంటే, "ఆగు అన్నా, ఎక్కడ ఆగిందో ముందు చూద్దాం" అనండి.